పిల్లల మడమ నొప్పి, ఇన్‌సోళ్లు: అపోహలు - వాస్తవాలు

"ఏ ఇన్‌సోల్ వేస్తే తగ్గుతుందో చెప్పండి చాలు." మడమ నొప్పితో కుంటుకుంటూ వచ్చే పిల్లల తల్లిదండ్రులు కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఇది. ఇన్‌సోల్ అంటే షూ లోపల పాదం కింద వేసే పొర. అప్పటికే ఎవరో ఒకరు పాదం వంకర అనో, మడమలో ఎముక పెరిగిందనో చెప్పి భయపెట్టేసి ఉంటారు. ఫిజియోథెరపిస్టుగా రోజూ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచి ఇన్‌సోల్ పడితే మడమ బాగైపోతుంది, ఆట యథావిధిగా ఆడుకోవచ్చు.

పిల్లల్ని ఎక్కువ బాధపెట్టేది ఈ నమ్మకమే. 8 నుంచి 14 ఏళ్ల లోపు, బాగా ఆడే పిల్లలకు మడమ నొప్పి వస్తే చాలాసార్లు అది సెవర్స్. 1912లో జేమ్స్ సెవర్ అనే డాక్టర్ వివరించడంతో ఆ పేరు వచ్చింది. సెవర్స్ డిసీజ్ అంటారు గానీ, పెరిగే వయసులో వచ్చి పోయే ఇబ్బంది అది. మడమ ఎముక వెనక భాగంలో గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తటి చోటు) ఇంకా మూసుకోని వయసు కదా. పరిగెత్తినా దూకినా పైనుంచి పిక్క కండరం తనను మడమకు కలిపే గట్టి పట్టీ లాంటి అకిలీస్ టెండన్‌తో దాన్ని లాగుతుంది, కిందనుంచి నేల అదురు తగులుతుంది. షూలో మడమ కింద పెట్టే హీల్ లిఫ్ట్ మడమను కాస్త ఎత్తి ఆ లాగుడు తగ్గిస్తుంది, మెత్తటి ఇన్‌సోల్ అదురు తగ్గిస్తుంది. వాటి పని అంతవరకే. ఆట భారం అలాగే ఉంటే నొప్పీ అలాగే ఉంటుంది.

పరుగు పందేలకు ప్రాక్టీస్ చేసే ఒక పదేళ్ల పాప షూ విప్పితే, లోపల ఒకదాని మీద ఒకటి మూడు ఇన్‌సోళ్లు. మడమ షూ వెనక అంచు దాకా లేచిపోయి, అడుగు వేస్తే జారుతోంది. మడమను రెండు పక్కల నుంచీ వేళ్లతో నొక్కగానే చటుక్కున కాలు లాక్కుంది. "ఇంకా ఖరీదైనది కొనాల్సిందేమో" అంది వాళ్లమ్మ, తప్పంతా తనదే అన్నట్టు. ఆవిడ తప్పేం లేదు. స్కూల్లో ఆటలు, సాయంత్రం ప్రాక్టీస్, సెలవు రోజు పోటీలు... ఇవన్నీ కలిపి ఆ కాళ్ల మీద ఎంత పడుతోందో చూసినవాళ్లే లేరు. మూడూ తీసేసి, రెండు షూల్లోనూ ఒక్కో హీల్ లిఫ్ట్ పెట్టాం. పరుగు, దూకడం తగ్గించి సైకిల్, ఈత ఉంచాం. పిక్కకు మెల్లగా స్ట్రెచింగ్. నొప్పి తగ్గుతున్నకొద్దీ పరుగు మళ్లీ పెంచుకుంటూ వచ్చాం. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

2016లో వచ్చిన ఒక డచ్ అధ్యయనంలో కొందరు పిల్లలకు హీల్ లిఫ్ట్, కొందరికి ఫిజియోథెరపీ ఇచ్చారు, మిగతావాళ్లను ఆట తగ్గించి ఆగి చూడమన్నారు. మూడు నెలలకు అందరికీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. అందుకని ఇన్‌సోల్ వద్దనను, ఆ కొన్ని వారాలూ పిల్లలకు సుఖంగా ఉంటుంది. కానీ దానికోసం అప్పు చేయకండి.

అపోహ: పాదం అచ్చు తీసి చేయించినదే పనిచేస్తుంది.
ముందు మామూలు రెడీమేడ్ హీల్ లిఫ్ట్ చాలు. ఎలాగూ పాదం పెరుగుతుంది, షూ మారుతుంది.

అపోహ: ఇన్‌సోల్ వేస్తే ఫ్లాట్ ఫుట్‌కు వంపు వస్తుంది.
రాదు.

అపోహ: ఎక్స్‌రేలో మడమ ఎముక ముక్కలుగా కనబడింది, విరిగినట్టే.
ఈ వయసులో నొప్పి లేని పిల్లల ఎక్స్‌రే కూడా అలా కనబడుతుంది. సెవర్స్‌కు చాలాసార్లు ఎక్స్‌రే అవసరమే పడదు.

అపోహ: నెలల తరబడి మంచానికే పరిమితం చేయాలి.
అక్కర్లేదు. ఆట తర్వాత కుంటుతుంటే ఆ ఆట తగ్గించండి, అంతే.

కానీ నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, మడమ వాచి ఎర్రబడినా, జ్వరం ఉన్నా, దెబ్బ తగిలాక కాలు కింద మోపలేకపోతున్నా అది సెవర్స్ అనుకుని ఊరుకోవద్దు. ఇన్‌సోల్ సంగతి పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.