గ్రూప్ ఫోటోలో ఉన్నదెవరో ఇప్పుడే రాసి పెట్టండి: పూర్వ విద్యార్థుల ఫోటోలపై అపోహలు - వాస్తవాలు

1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ళ పండగ పుణ్యమా అని చాలా ఇళ్ళలో పాత ఆల్బమ్‌లు అటక దిగాయి. పూర్వ విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ దగ్గరున్న ఫోటోలు స్కాన్ చేసి, వివరాలు రాసి భద్రపరచడం నా పని. విశాఖలో ఏ గుమ్మం ఎక్కినా వినిపించే మాట ఒకటుంది. "ఫోటోలకేం ఢోకా లేదండీ, బీరువాలో భద్రంగా ఉన్నాయి. తీరిగ్గా చూద్దాం లెండి." ఈ మాట వల్ల పోయినంత చరిత్ర చెదల వల్ల కూడా పోయి ఉండదు. అందుకే ముందు దీని గురించే గట్టిగా చెబుతాను.

అపోహ: ఫోటో భద్రంగా ఉంటే చరిత్ర భద్రంగా ఉన్నట్టే.

వాస్తవం: కాదు. సరిగా కడిగిన బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తడి తగలకుండా ఉంటే వందేళ్ళయినా నిలుస్తుంది. నిలవనిది అందులో ఉన్నవాళ్ళను గుర్తుపట్టే మనిషి. 1965లో ఎమ్మే పూర్తిచేసినవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగిస్తోంది, పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. వారు వెళ్ళిపోయాక ఆ ఫోటో బయటికి తీస్తే కనిపించేది కోట్లు వేసుకుని వరసగా నిలబడ్డ ఎవరో నలభై మంది. ఏ డిపార్టుమెంటో తెలియదు, ఏ ఏడాదో తెలియదు. అలాంటి ఫోటో ఎవరి చేతికిచ్చినా "చాలా బాగుందండీ" అంటారు, అంతకు మించి దానితో ఏమీ చేయలేరు.

"కింద పేర్లు అచ్చువేసి ఉంటాయి కదా" అని అడుగుతారు. ఒకప్పుడు ఉండేవి. స్టూడియోవాళ్ళు ప్రింటును మందపాటి అట్టకు అతికించి, కూర్చున్నవారు, నిలబడినవారు మొదటి వరస, రెండో వరస అంటూ ఎడమ నుంచి కుడికి పేర్లు వేసేవాళ్ళు. పాతికేళ్ళకు ఫ్రేము పుచ్చిపోతుంది. కొత్త ఫ్రేము కట్టడానికి ఇస్తారు. సైజు కుదరలేదని కట్టే అతను అట్ట అంచు కోసేస్తాడు. ఆ కోసిన ముక్కలోనే పేర్లన్నీ పోతాయి. గోడ మీద ఫోటో మాత్రం కొత్త ఫ్రేములో నిగనిగలాడుతుంది. ఒకవేళ అట్ట ఉన్నా అచ్చులో పొడి అక్షరాలే. ఒకే వరసలో ఇద్దరు పి.వి.రావులుంటే ఏ రావు ఏ ఊరివాడో ఆ అట్ట చెప్పదు.

పెదవాల్తేరులో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింటికి వెళ్ళాను. 1960ల నాటి లేడీస్ హాస్టల్ గ్రూప్ ఫోటో ఉంది. అట్ట అంచు కోసేసి ఉంది. వాళ్ళమ్మాయి టీ ఇస్తూ, "అమ్మని ఇబ్బంది పెట్టకండి, స్కాన్ తీసుకుని వెళ్ళండి చాలు" అన్నారు. అమ్మగారు ఊరుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుని, ఫోటో ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో ముఖం మీదా వేలుంచి చెప్పడం మొదలుపెట్టారు. ఈవిడది బొబ్బిలి. ఈవిడ పార్వతీపురం నుంచి రైల్లో వచ్చేది, ట్రంకు పెట్టె నిండా అప్పడాలు తెచ్చేది. ఈవిడ ఫైనలియర్‌లో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, పరీక్షలు రాయలేదు. ఇద్దరి దగ్గర ఆగిపోయి, ఏవో పేర్లు ఊహించి చెప్పబోయారు. "ఖాయంగా గుర్తుంటేనే చెప్పండమ్మా, లేకపోతే తెలియదనే రాస్తాను" అన్నాను. తప్పు పేరు ఒకసారి రాతలోకి ఎక్కితే దిగదు. ఖాళీని రేపు ఇంకెవరైనా నింపవచ్చు.

ఆ ఫోటో కుడి అంచున, సగం ఫ్రేము బయటికి, భుజం మీద తువ్వాలుతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. నేను అడగకముందే ఆవిడ అన్నారు: "ఆయన్ని కూడా రాయి బాబూ. మెస్సులో వంటాయన. పరీక్షలప్పుడు రాత్రి పొద్దుపోయాక కూడా మాకు టీ కాచి ఇచ్చేవాడు." పేరు, ఊరు కూడా చెప్పారు. విద్యార్థినుల పేర్లు ఎక్కడో ఒక రిజిస్టర్లో ఉంటాయి. వంటాయన పేరు పట్టభద్రుల జాబితాలో ఉండదు, కాన్వొకేషన్ పుస్తకంలో ఉండదు. విశ్వవిద్యాలయ చరిత్రలో ఆయనకు దక్కిన చోటు ఆ కుడి అంచు ఒక్కటే. ఆవిడ నోరు విప్పకపోతే అదీ ఉండేది కాదు. ఆ గంటసేపూ నా ఫోన్లో వాయిస్ రికార్డర్ నడుస్తూనే ఉంది. స్కాన్ ఫైలుకి ఎంత విలువుందో ఆ రికార్డింగుకీ అంతే.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే కూర్చోండి. ఫోటోకి జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్ మీద ఒక్కో ముఖానికీ ఒక నంబరు వేసి, కింద నంబరు వారీగా పేర్లు రాయండి. అసలు ఫోటో ముందు వైపు ఏమీ రాయకండి. వెనక బాల్ పెన్నుతో రాస్తే ఒత్తు ముందుకు తేలుతుంది, సిరా పక్క ఫోటోకి అంటుకుంటుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయండి. వెనక నున్నగా ప్లాస్టిక్ పూత ఉన్న కలర్ ప్రింట్లమీద పెన్సిల్ పడదు, వాటికి కాగితం కవరు మీద రాసి అందులో పెట్టండి. ఆడవాళ్ళ పేర్ల దగ్గర పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగండి, కాలేజీ రికార్డుల్లో ఉండేది అదే. ఏ కోర్సు, ఏ బ్యాచ్, ఏ సందర్భం, ఫోటో ఎవరు తీశారు అన్నవి కూడా. వెనక స్టూడియో ముద్ర ఉంటే వెనక వైపు కూడా స్కాన్ చేయండి.

"నాన్నగారు పోయి మూడేళ్ళయింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం" అని బాధపడేవాళ్ళు చాలామంది. కంగారు పడకండి. గ్రూప్ ఫోటో అంటే ఒకే కాపీ కాదు, ఆ వరసల్లో ఉన్న చాలామంది ఇళ్ళకు ఒక్కో కాపీ వెళ్ళి ఉంటుంది. మీ ఇంట్లో అట్ట కోసేసినా శ్రీకాకుళంలోనో కాకినాడలోనో ఒక ఇంట్లో కోయని అట్ట ఉండవచ్చు. బ్యాచ్‌మేట్లు ఒకరు దొరికితే చాలు, ఆ ఒకరి నుంచి పదిమంది బయటికి వస్తారు. మనుషులు దొరక్కపోతే ఫోటోలోని వస్తువులు మాట్లాడతాయి. వెనకాల స్కూటర్ నంబరు ప్లేటు మీద విశాఖ బళ్ళకిచ్చే ఏపీ 31 ఉంటే ఆ ఫోటో 1989కి ముందుది కాదు. 2019లో రాష్ట్రం మొత్తానికీ కొత్త బళ్ళకు ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు, కాబట్టి ఆ నంబరు కనిపిస్తే ఫోటో అంతకు ముందుది కాదు. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడింది 2014 అక్టోబర్ 12న. ఆ ఒక్క రోజులో క్యాంపస్‌లో ఎన్నో చెట్లు కూలిపోయాయి. పెద్ద చెట్టు నీడన తీసిన ఫోటో దొరికితే, ఇప్పుడు అదే చోటికి వెళ్ళి చూసినా సగం సంగతి తెలిసిపోతుంది: ఆ చెట్టు లేకపోతే ఫోటో బహుశా తుఫానుకి ముందుది.

అపోహ: వాట్సాప్‌లో ఫోటో కింద రాసి ఉంది కాబట్టి అది నిజం.

వాస్తవం: ఈ పుకార్లతో వేగలేకపోతున్నాను. "1928, వాల్తేరు క్యాంపస్‌లో వైస్ చాన్సలర్ రాధాకృష్ణన్ గారితో విద్యార్థులు" లాంటి రాతలు గ్రూపుల్లో తిరుగుతుంటాయి. విశ్వవిద్యాలయం మొదలైంది బెజవాడలో. వాల్తేరుకి వచ్చింది 1930లో. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిలో ఉన్నది 1931 నుంచి 1936 వరకు. ఆ తర్వాత మళ్ళీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా ఉన్నారు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే ఆ రాత నిలబడదని ఎవరైనా చెప్పగలరు. రాధాకృష్ణన్ గారు తర్వాత ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి అయ్యారు, ఎక్కడెక్కడికో వెళ్ళారు. ఫోటోలో ఆయన ఉన్నంత మాత్రాన అది వైస్ చాన్సలర్ రోజులదని కాదు. అలాగే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకి తరలింది. "1943, వాల్తేరు" అని ఎవరైనా పంపితే ఆగి, అసలు ప్రింటు ఎవరి దగ్గరుందో, వెనక ఏం రాసి ఉందో అడగండి. వాళ్ళకి తెలియకపోతే ఇంకొకరికి పంపకండి.

అపోహ: గొప్పవాళ్ళు ఉన్న ఫోటోలే పనికొస్తాయి.

వాస్తవం: గణాంకశాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి పొందిన సి.ఆర్.రావు గారు ఇక్కడే గణితం చదివారు. అలాంటివారి ఫోటోల కోసం వెతికేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. దొరకనివి మామూలువి: ల్యాబులో బల్లలు ఎలా ఉండేవి, హాస్టల్ గదిలో గోడకి ఏం తగిలించేవారు, బీచ్ రోడ్డుకి ఏం బట్టలు వేసుకుని వెళ్ళేవారు, మెస్సులో పళ్ళేలు ఎలాంటివి. "మా ఫోటోల్లో ఏముందండీ, సరదాగా తీసుకున్నవి" అని మీరు పక్కన పెట్టేవాటి కోసమే నేను తిరుగుతున్నాను.

అపోహ: వాట్సాప్‌లో పంపేస్తే సరిపోతుంది.

వాస్తవం: మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారన్న సమాచారం కూడా ఊడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింటును స్కాన్ చేస్తే కనీసం 600 డీపీఐ (స్కాన్ ఎంత వివరంగా రావాలో చెప్పే సెట్టింగు), వీలైతే నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలు. స్కానర్ లేకపోతే నీడపట్టున, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫోటోకి సమాంతరంగా పట్టుకుని తీయండి. స్కాన్ అయిపోయిందని అసలు ఫోటో పారేయకండి. హార్డ్ డిస్కు ఏ రోజు మొరాయిస్తుందో ఎవరికీ తెలియదు.

అపోహ: ఏఐతో రంగులు వేయిస్తే పాత ఫోటో బాగుపడుతుంది.

వాస్తవం: మసకబారిన ముఖాన్ని ఆ యాప్ బాగు చేయదు, అక్కడ ఇంకో ముఖాన్ని పుట్టిస్తుంది. చీర రంగు దానికి తెలియదు, ఊహిస్తుంది. ముచ్చటపడి ఇంట్లో పెట్టుకోండి, అభ్యంతరం లేదు. మాకు మాత్రం చెయ్యి పెట్టని స్కానే ఇవ్వండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే కలకాలం ఉంటుంది.

వాస్తవం: లామినేషన్ వేడికి ఫోటో పైపొర పాడవుతుంది, తర్వాత ఆ ప్లాస్టిక్‌ను ఊడదీయడం కుదరదు. జిగురు పేజీల ఆల్బమ్‌లూ అంతే. మన ఊళ్ళో ఏడాది పొడుగునా గాలిలో తేమ. సముద్రం వైపు గోడకి తగిలించిన ఫోటోల మీద వానాకాలంలో బూజు తప్పదు. లోపలి గోడకి మార్చండి, లేదా ఫ్రేము విప్పి కాగితం కవర్లలో పెట్టి పొడిగా ఉన్న అరలో ఉంచండి. అద్దానికి అంటుకుపోయిన ఫోటోని లాగితే ముఖాలు అద్దానికే ఉండిపోతాయి. అద్దంతో సహా స్కాన్ చేయండి.

హుద్‌హుద్ తర్వాత ఒక ఇంట్లో తడిసిన ఆల్బమ్‌ను ఎండలో పరిచారు. ఆరేసరికి పేజీలన్నీ ఇటుకలా బిగుసుకుపోయాయి. తడిసిన ఫోటోల్ని అతుక్కున్నట్టే ఆరనివ్వకూడదు. చల్లటి శుభ్రమైన నీళ్ళలో నాననిచ్చి, అవే విడివడ్డాక ముఖం పైకి పెట్టి నీడలో ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఇంకొకటి, 1970లు, 80ల నాటి కలర్ ఫోటోలు ఎర్రబడుతుంటే వాటినే ముందు స్కాన్ చేయండి, బ్లాక్ అండ్ వైట్‌వి కాస్త ఆగగలవు. నెగెటివ్‌ల డబ్బా తీయగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ములు పాడవుతున్నట్టు లెక్క. మంచివాటి నుంచి వెంటనే విడదీయండి.

అపోహ: ఆల్బమ్ ఇస్తే ఇక తిరిగి రాదు.

వాస్తవం: ఈ భయాన్ని కొట్టిపారేయను. ఎగ్జిబిషన్ కోసం అని తండ్రిగారి ఆల్బమ్ ఒకరి చేతిలో పెట్టి, ఏళ్ళ తరబడి తిరిగినా దక్కించుకోలేకపోయిన ఒక పెద్దావిడ నాకు తెలుసు. ఆవిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, "ఏటి బాబూ, నువ్వూ పట్టుకుపోతావా?" అని అడిగారు. ఏమీ పట్టుకెళ్ళనని, ఆవిడ ముందే డైనింగ్ టేబుల్ మీద స్కానర్ పెట్టి, అయినవి అయినట్టే చేతికిచ్చేశాను. మీరు కూడా అలాగే అడగండి. స్కాన్ మీ ఇంట్లోనే చేయమనండి. తీసుకెళ్ళక తప్పదంటే ఎన్ని ఫోటోలు, ఏ తేదీకి తిరిగి ఇస్తారు, ఎక్కడెక్కడ వాడతారు, మీ అనుమతి లేకుండా ఏవి బయటపెట్టకూడదు అని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితం రాసివ్వడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే ఆల్బమ్ ఇవ్వకండి.