నుదుటి నుంచి దించిన ముక్కు: లోపలి పొర నేర్పిన పాఠం

తెగిపోయిన ముక్కును నుదుటి చర్మంతో తిరిగి చేసే ఆపరేషన్ ఈనాటిది కాదు, అయినా ఇవాళ్టికీ ప్లాస్టిక్ సర్జన్లు దాన్నే నమ్ముకుంటున్నారు. అప్పట్లో కత్తివేటు వల్ల చేయాల్సి వచ్చేది. ఇప్పుడు చర్మ క్యాన్సర్, రోడ్డు ప్రమాదం, కుక్క కాటు వంటి వాటికి చేస్తున్నారు.

1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌ ఒక ఉత్తరం అచ్చువేసింది. అందులో ఉన్నది కవాస్జీ అనే మరాఠా మనిషి కథ. 1792 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలుతూ టిప్పు సుల్తాన్ మనుషులకు బందీగా చిక్కాడు. వాళ్లు ముక్కూ, ఒక చెయ్యీ నరికేశారు. ఏడాదికి పైగా అలాగే ఉన్నాక, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఆ వైద్యుడి పేరు ఎవరూ రాసుకోలేదు. చేతిపనిని మాత్రం వివరంగా రాశారు.

పల్చటి మైనపు రేకును మిగిలిన మొండిపై ముక్కు ఆకారంలో ఒత్తాడు. దాన్ని విప్పి చదును చేసి నుదుటిపై పరిచి, చుట్టూ గీత గీశాడు. గీత లోపలి చర్మాన్ని లేపాడు గానీ కళ్ల మధ్య సన్నటి పట్టీని తెగకుండా ఉంచాడు. మొండి అంచుల్లో పాత మచ్చను చెక్కి పచ్చి చేసి, ఇరుపక్కలా, పై పెదవి మీదా గాటు పెట్టి, చర్మాన్ని సగం తిప్పి కిందికి దించి అందులో ఇమిడ్చాడు. కుట్లు లేవు. తాంబూలంలో వేసే కాచును నీళ్లతో మెత్తగా చేసి, గుడ్డపేలికలకు రాసి, ఐదారు వరసలు అతికించాడు. నాలుగు రోజుల తర్వాత వాటిని తీసి నేతిలో ముంచిన గుడ్డలు వేశాడు. పదో రోజున ముక్కు రంధ్రాల్లో మెత్తటి గుడ్డముక్కలు పెట్టాడు. దాదాపు ఇరవై ఐదో రోజున పట్టీని కోశాడు.

ఆ సన్నటి పట్టీలోనే ఈ ఆపరేషన్ ప్రాణం ఉంది. కనుబొమ మొదట్లో, ముఖం మధ్యగీతకు సుమారు 2 సెంటీమీటర్ల పక్కగా, ఈ చర్మానికి రక్తం తెచ్చే సుప్రాట్రాక్లియర్ ధమని ఎముక అంచు దాటి నుదుటి మీదికి ఎక్కుతుంది. ఇప్పుడు సర్జన్లు రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్ పరికరంతో దాన్ని వెతికి, పట్టీ మొదలును 1.2 నుంచి 1.5 సెంటీమీటర్ల వెడల్పే ఉంచుతారు. వెడల్పు ఎక్కువైతే తిప్పినప్పుడు మడతపడి రక్తం అందదు. అతికిన చోట కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. పుణె వైద్యుడు పాతిక రోజులు ఆగడం అందుకే సరిపోయింది. పొగతాగే వారిలో ఈ చర్మపు చివర నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ.

ఈ ఘనతనంతా సుశ్రుతుడికే కట్టబెట్టడం మామూలైపోయింది. సుశ్రుత సంహిత చెప్పింది చెంప చర్మం గురించి, నుదుటి గురించి కాదు. ఆకుతో కొలత తీయమనీ, ముక్కులో ఆముదపు మొక్క కాడల గొట్టాలు రెండు పెట్టమనీ అందులో ఉంది. ఆ రెండూ మెచ్చుకోవలసినవే. నుదుటి పద్ధతి మాత్రం చేతివృత్తులవారు కాపాడిన విద్య, వారి వాటా వారికి దక్కాలి.

లండన్‌లో జోసెఫ్ కార్‌ప్యూ అనే సర్జన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లోని ఆ ఉత్తరాన్ని గుర్తుపెట్టుకుని, శవాల మీద సాధన చేసి, 1814 అక్టోబరు 23న తొలిసారి ఒక సైనికాధికారికి ఈ ఆపరేషన్ చేశాడు. మత్తుమందు లేని కాలం. 1816లో పుస్తకం వేశాక యూరప్ అంతా ఈ దారి పట్టింది. అప్పుడే లోపం బయటపడింది. మొదట్లో నిండుగా కనిపించిన ముక్కు నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోయేది, రంధ్రాలు మూసుకుపోయేవి.

కారణం శరీరనిర్మాణంలో ఉంది. ముక్కు మూడు పొరలది: పైన చర్మం, మధ్యలో ఎముక, మృదులాస్థి చట్రం, లోపల తడిపొర. నుదుటి నుంచి దిగింది పై పొర ఒక్కటే. దాని లోపలి వైపు పచ్చిపుండు. అది మానేటప్పుడు మచ్చ ముడుచుకుంటూ ముక్కంతటినీ లోపలికి లాగేస్తుంది. ఇండోర్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ కీగన్ దీనికి మందు కనిపెట్టాడు. ముక్కు ఎముకల మీద మిగిలిన చర్మాన్ని తలుపులా కిందికి మడిచి, చర్మపు ముఖం లోపలికి ఉండేలా లైనింగు వేసి, దానిపై నుదుటి చర్మం కప్పాడు. 1900లో ఆ అనుభవాన్ని పుస్తకంగా వేశాడు.

తర్వాత బర్గెట్, మెనిక్ అనే అమెరికన్ సర్జన్లు ముక్కు ఉపరితలాన్ని తొమ్మిది భాగాలుగా చూశారు (1985). ఒక భాగంలో సగానికి పైగా పోతే, మిగిలినదీ తీసేసి ఆ భాగం మొత్తాన్ని కొత్తగా చేయాలన్నారు, మచ్చ సహజమైన అంచుల్లో కలిసిపోతుందని. లోపలి పొర కోసం ముక్కు నడిమి గోడ తడిపొరనే, దాని రక్తనాళంతో సహా తిప్పి వాడారు.

మైనపు రేకు ఇంకా పోలేదు. ఇప్పుడు సర్జన్ కుట్టుదారం ప్యాకెట్‌లోని పల్చటి రేకును కత్తిరించి అదే కొలత తీస్తాడు. నుదురు పొట్టిగా ఉన్నవారిలో కొలత జుట్టులోకి పోతే కొత్త ముక్కు కొన మీద వెంట్రుకలు మొలుస్తాయి. తరచుగా దెబ్బతినేవాటిలో ముక్కు రెక్క ఒకటి. సహజంగా అందులో మృదులాస్థి ఉండదు, గట్టి కొవ్వుకణజాలమే ఉంటుంది. కొత్త రెక్కనూ అలాగే వదిలేస్తే మచ్చ లాగుడుకు పైకి ముడుచుకుని, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి కూలుతుంది. అందుకే చెవి గిన్నెలోంచి తీసిన మృదులాస్థి పట్టీని, ప్రకృతి పెట్టని చోట, అంచు వెంబడి పెట్టి కుడతారు.