పైడితల్లి పేరుకి చుట్టాలెవరు?

చి. పైడికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన మాట రెండుసార్లు విన్నాను. మీ హైదరాబాదు బడిలో హాజరు పిలిచినప్పుడల్లా "పైడితల్లి" అనగానే వెనక బెంచీ నవ్వుతోందని, పెద్దయ్యాక పేరు మార్చుకోవచ్చా అని అడిగావు. మార్చుకో, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ముందు దాని చుట్టాలెవరో చూసిరా. మీ తమ్ముళ్లకీ ఇది చదివి వినిపించు.

మాటలకి కూడా ఇళ్లుంటాయనుకో. ఒక పాత పెంకుటింట్లో పచ్చ అనే ముసలమ్మ ఉంది. ఆవిడకి రెండు కోకలు. పచ్చగడ్డి అన్నప్పుడు ఒకటి కడుతుంది, పచ్చకామెర్లు అన్నప్పుడు ఇంకోటి. రెండు రంగులకీ మనవాళ్లకి ఒక్క మాటే చాలింది, చిత్రం కదూ! ఆవిడ పెద్దకూతురు పసుపు. ఎప్పుడూ వంటింట్లోనే, పండగొస్తే గడప మీద. కొడుకు పైరు, వానలు పడ్డాక ఇంటికి రాడు, పొలంలోనే కాపురం. ఆకులు నూరి నాటువైద్యం చేసే బాబాయి పసరు. అందరికన్నా చిన్నది పసిడి, నగలేసుకుని పెళ్లిళ్లకి తిరిగేది. ఆ పసిడిని పిలవగా పిలవగా పయిడి అయింది, పయిడి పైడి అయింది. పసిపిల్లల్ని కూడా ఈ ఇంటికే చుట్టాలు చేసేద్దామనుకున్నాను గానీ, మీ మామ్మ పక్కనుంచి "ఇక ఆపండి" అంది.

అంటే నీ పేరుకి అర్థం బంగారు తల్లి. అన్నం తిననని మొండికేస్తే మీ అమ్మ నిన్ను ఏమని బతిమాలుతుంది? అదే. కాంచన అన్నా, సువర్ణ అన్నా, హిరణ్మయి అన్నా బంగారమే. ఆ పేర్లకి నవ్వరు. సంస్కృతంలో ఉంటే నాజూకు, తెలుగులో ఉంటే మోటు! ఈ లెక్క నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

ఆ పేరు మన విజయనగరంలో ఇంటింటికీ ఎలా వచ్చిందంటే, ఇక్కడి రాజు పూసపాటి విజయరామరాజు గారి చెల్లెలు పైడిమాంబ. 1757 జనవరిలో అన్న బొబ్బిలి మీద యుద్ధానికి పోతుంటే వద్దని బతిమాలిందట. ఆయన వినలేదు. కోట గెలిచాడు, తర్వాత గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. అన్నకి ఆపద అని బయల్దేరిన చెల్లెలు పెద్దచెరువులో కలిసిపోయిందనీ, పతివాడ అప్పలనాయుడు ఆ నీళ్లలోంచి విగ్రహం పైకి తీశాడనీ చెప్పుకుంటారు. రైల్వేస్టేషను దగ్గర వనంగుడి, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి పైడితల్లి అమ్మవారైన ఆవిడవే. యుద్ధం చేసినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, వద్దన్న ఆడపడుచు పేరు పిల్లలకి పెట్టుకున్నారు.

పిల్లలంటే ఆడపిల్లలే కాదు, మన వైపు మగవాళ్లలోనూ పైడితల్లులున్నారు. పైడిరాజు, పైడమ్మ, పైడినాయుడు సరేసరి. నా చిన్నప్పుడు ఎడ్లబండి మీద ఆ అమ్మవారి సిరిమాను సంబరానికి పోయాం. దసరా వెళ్లిన మంగళవారం. పొడుగాటి చింతమాను, దాని కొసన పూజారి, కింద జనం విసిరే అరటిపళ్లు. చదురుగుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది, అన్నగారి ఇంటికి చెల్లెలు వచ్చిపోతున్నట్టు. ఆ గుంపులో మా మేనత్త చెయ్యి వదిలేసి నేను తప్పిపోయాను. "పైడితల్లీ!" అని ఏడుస్తూ అరిచాను. అది మేనత్త పేరు. ఎంతమంది వెనక్కి తిరిగారనుకున్నావు! ఒక మీసాలాయన "ఏటిరా గుంటడా" అని కూడా అడిగాడు. మిగతావాళ్లు నేను అమ్మవారికి దణ్ణం పెడుతున్నాననుకుని చేతులు జోడించారు.

ఆ మేనత్తని బళ్లో వేసినప్పుడు ఒక మాస్టారు, ఈ మోటు పేరెందుకని పద్మావతి అని రాసేశారట. వారం రోజులు హాజరు పిలిచినా అత్త పలకలేదు. ఎదురుగా కూర్చునే, రానట్టు లెక్క. చివరికి "నాను పైడితల్లినండి" అని ఏడిస్తే కొట్టేసి మళ్లీ రాశారు.

ఇంకోటి. రోజూ ప్రార్థనలో "భారతదేశం నా మాతృభూమి" అని ప్రతిజ్ఞ చేస్తారు కదా? దాన్ని 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసినాయన నల్లగొండ జిల్లావాడు, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. ఇంటిపేరు చూశావా? వెనక బెంచీవాళ్లు రోజూ చెయ్యి చాచి చెప్పేది ఆ పైడివారి మాటే. ఈ సంగతి నువ్వు చెప్పకు, టీచరు గారిని అడగమను.

దసరాకి వస్తావుగా. అప్పటికి మన వరి ఇంకా ముసలమ్మ మొదటి కోకలోనే ఉంటుంది. గట్టు మీద కూర్చుని ఒక కంకి గుర్తుపెట్టుకో, దారం కట్టు. సంక్రాంతికి వచ్చేసరికి కోతలైపోతాయి గనక, రంగు తిరిగాక నేనే దాన్ని కోసి దాచిపెడతాను. మామ్మ పుస్తెలు, ఒక పసుపుకొమ్ము, ఆ కంకి ఎండలో పక్కపక్కన పెట్టి చూద్దువుగాని. వాటిలో ఏది ఎక్కువ పైడో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి.

మీ తాతయ్య