పాత హై-ఫై సెట్లు కొనడం, ఇంటికి తెచ్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

మాది అనంతపురం. ఇరవై ఏళ్ల పైనుంచి బెంచి మీద ఇదే పని. మొదట టేప్ రికార్డర్లు, తర్వాత పెళ్లి సౌండ్ వాళ్ల ఆంప్లిఫయర్లు, ఇప్పుడు ఎక్కువగా 1960ల నుంచి 80ల దాకా వచ్చిన హై-ఫై సెట్లు, అంటే ఇంట్లో పాటలు వినే ఆంప్లిఫయర్లు, రికార్డు తిప్పే టర్న్‌టేబుళ్లు, క్యాసెట్ డెక్కులు, స్పీకర్లు. 'అన్నా, బెంగుళూరులో ఒక మరాంజ్ ఆంప్లిఫయర్ దొరికింది, తీసుకోవచ్చా' అని ఫోన్లు వస్తుంటాయి. సెట్ మంచిదా కాదా అని అందరూ అడుగుతారు గానీ అది ఇంటికి ఎట్ల వస్తుందని ఒక్కరూ అడగరు. నేను చూసినంతలో వయసైపోయి పోయినవి తక్కువ, కొన్న రోజుకూ ఇంట్లో మొదటిసారి స్విచ్ వేసిన రోజుకూ మధ్యలో పోయినవే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఓర్చుకోండి.

అపోహ: 'ముప్పై ఏళ్లుగా అటక మీదే ఉంది, అసలు వాడలేదు, కొత్తదాని లెక్కే'

వాస్తవం: ఈ మాట అమ్మేవాళ్లు గొప్పగా చెప్తారు, నాకేమో వింటానే భయమేస్తుంది. రోజూ ఒక గంట పాడిన సెట్టే నయం. లోపల ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఉంటాయి కదా, వాటిలో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది, వోల్టేజ్‌ని ఆపేది ఆ పొరే, ఏళ్ల తరబడి కరెంటు లేకుండా ఉంటే అది బలహీనపడుతుంది. అట్లాంటి దాన్ని అటక మీంచి దించి, దుమ్ము తుడిచి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఉండగా నేరుగా 230 వోల్టుల్లో పెడితే కండెన్సర్ లీకయ్యి, వేడెక్కి, ఉబ్బుతుంది. కొన్ని యూరప్ సెట్లలో మెయిన్స్ దగ్గర రీఫా అని పసుపు రంగు పేపర్ కండెన్సర్ ఉంటుంది, పైన పగుళ్లు కనిపిస్తాయి, ఆ పగుళ్లలోంచి తేమ లోపలికి చేరి ఉంటుంది, స్విచ్ వేసిన కాసేపటికే పటాసు పేలినట్టు పేలి గదంతా పొగ. సెట్ మొత్తం పోయిందని ఏడ్చుకుంటా తెస్తారు, చాలాసార్లు పోయింది ఆ ఒక్కటే.

అందుకే మొదటిసారి కరెంటు సీరీస్ బోర్డు మీదే ఇవ్వాల. మీ వీధి ఎలక్ట్రీషియన్ దగ్గర కూడా ఉంటుంది, బల్బు గుండా కరెంటు సెట్‌కి పోయేట్టు కట్టిన చెక్క. 60 లేదా 100 వాట్ల పాత తీగ బల్బు పెట్టాల, ఎల్ఈడీ పనికిరాదు. సెట్ ఆన్ చేస్తానే బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి, మెల్లగా మసకబారి, సన్నటి ఎర్ర తీగలా నిలబడిందా, లోపల పెద్ద షార్ట్ లేనట్టే, ముందుకు పోవచ్చు. మసకబారకుండా అట్లనే భగభగా వెలుగుతా ఉందా, వెంటనే ఆపేయండి. లోపల షార్ట్ ఉన్నా ఆ భారమంతా బల్బు మోసింది, మీ ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోయింది. ఎన్ని మీటర్లు కొన్నా ఇప్పటికీ నేను మొదట చూసేది ఆ బల్బు మొహమే.

ఇంక క్యాసెట్ డెక్కులు. అటక మీద ఉన్న డెక్కులో రబ్బరు బెల్టు బెల్టుగా ఉండదు, తారులా కరిగి పుల్లీలకు అంటుకుని ఉంటుంది, తుడిస్తే చేతికి రెండు రోజులు నలుపు పోదు. 1982లో వచ్చిన నాకమిచి డ్రాగన్ లాంటిదైనా రబ్బరు రబ్బరే. టర్న్‌టేబుళ్లలో పాత గ్రీజు మైనం మాదిరి గట్టిపడి ఉంటుంది. ఇవన్నీ బాగయ్యేవే, కాకపోతే బాగు చేయకముందే 'పాడుతుందేమో చూద్దాం' అని తిప్పి పెద్ద జబ్బు తెచ్చుకుంటారు.

అపోహ: 'ఫారిన్ సెట్టే కదా, పిన్ను మారిస్తే చాలు'

వాస్తవం: ఇది నేను స్వయంగా చేసిన తప్పు, దాచేదేముంది. కొత్తలో ఒక సన్సూయ్ ఆంప్లిఫయర్ వచ్చింది నా దగ్గరికి, జపాన్ లోపల అమ్మడానికి చేసింది, అంటే 100 వోల్టులది. వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేను చూడలా. మన పిన్ను బిగించి పెట్టినా, ఫ్యూజ్ పోయింది. అక్కడ ఆగుంటే సరిపోయేది. తెలివి ఎక్కువై లావు ఫ్యూజ్ వేసినా, ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఆ వార్నిష్ కాలిన వాసన ఇప్పటికీ గుర్తుంది. దాన్ని మళ్లీ చుట్టించి కస్టమర్‌కి ఇచ్చేసరికి నాలుగు నెలలు, నా జేబులోంచే.

జపాన్ 100 వోల్టులు, అమెరికా 120, మనది 230. మన సీమలో ఇంకో కత కూడా ఉంది. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లలో దొరికే పాత సెట్లు చాలావరకు గల్ఫ్ నుంచి వచ్చినవి. కువైట్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్, దాదాపు మన కరెంటే, ఆ సెట్లు మన దగ్గర హాయిగా పాడతాయి. సౌదీది అట్ల కాదు, అక్కడ 60 హెర్ట్జ్, పాత రోజుల్లో ఇళ్లల్లో 127 వోల్టులు ఉండేది. ఎగుమతికి చేసిన సెట్లకు వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పేది, అది ఏ అంకె మీద ఉందో చూడకుండా ప్లగ్ చేతిలోకి తీసుకోవద్దు. 'మా నాయన కువైట్ నుంచి తెచ్చినాడు' అన్నా సరే, ఆయన సెట్ కొన్నది యాడ, తిప్పి పెట్టింది ఎంతకి, చూసుకోండి.

సెలెక్టర్ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాల. సెట్ వెనక 300 వాట్లని రాసుంటే 500కి తగ్గకుండా తీసుకోండి. ఇస్త్రీ పెట్టెలకూ హెయిర్ డ్రయర్లకూ అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్ మాత్రం వద్దేవద్దు.

టర్న్‌టేబుల్‌కి వోల్టేజ్ ఒక్కటే సరిచేస్తే చాలదు. గారార్డ్ 301, 401 లాంటివాటిలో ఏసీ మోటారు ఉంటుంది, దాని వేగం హెర్ట్జ్‌ని బట్టి పోతుంది. 60 హెర్ట్జ్ పుల్లీ ఉన్న మెషీన్‌ని మన 50 మీద పెడితే నిమిషానికి 33 చిల్లర తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగదు, పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. సుశీలమ్మ పాట పెట్టి 'గొంతు మారిందేంది' అని సూదిని తిట్టుకున్నాయన ఒకాయన ఉన్నాడు. 50 హెర్ట్జ్ పుల్లీ వేస్తే సరిపోయింది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 మార్క్ టూ లాంటి క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌లకు (మోటారే పళ్లెాన్ని నేరుగా తిప్పుతుంది, వేగాన్ని లోపలి క్వార్ట్జ్ సర్క్యూట్ పట్టి ఉంచుతుంది) ఈ హెర్ట్జ్ బాధ లేదు, వోల్టేజ్ చూసుకుంటే చాలు.

అపోహ: 'వీడియో పంపినాడన్నా, బ్రహ్మాండంగా పాడుతోంది'

వాస్తవం: వీడియోలో మీరు వినేది ఫోన్ మైకుని. ఎడమో కుడో ఒక ఛానల్ చచ్చిపోయినా తెలీదు. నేను పోతే జేబులో మల్టీమీటర్ ఉంటుంది. పాట ఆపి, వాల్యూమ్ సున్నా చేసి, స్పీకర్ వైర్లు తీసేసి ఆ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజ్ చూస్తా. 50 మిల్లీవోల్టుల లోపల ఉంటే మంచిది, 100 దాటితే లోపల పని ఉందని అర్థం. పోయినేడు ప్రొద్దుటూరు కస్టమర్ కోసం బెంగుళూరు పోయినా, మల్లేశ్వరంలో ఇల్లు, వాళ్ల నాన్నగారి సెట్. పాట వింటే ఏ వంకా లేదు. ఎడమ వైపు పెడితే 14 మిల్లీవోల్టులు. కుడి వైపు 900 దగ్గర ఊగుతా ఉంది. అట్లాంటి దానికి స్పీకర్ తగిలించి ఉంచితే, ఆ వోల్టేజ్ ఇంకా పెరిగిన రోజు వూఫర్ (పెద్ద స్పీకర్) కాయిల్ కాలిపోతుంది. ఆ ఇంటాయన 'బ్యాటరీ చెక్ చేస్తున్నారా' అని అడిగినాడు పాపం. ఉన్నమాట చెప్పినా, రిపేరు ఖర్చు ధరలో తగ్గించినాడు, ఇద్దరం కాఫీ తాగి లేచినాం.

స్పీకర్లకు ముందు జాలీ తీయించండి. కోన్ (గరాటు లాంటి భాగం) చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది అయితే వేలితో ముట్టుకుంటానే ఎండిన అప్పడంలా పొడిపొడి అవుతుంది. దానికి కంగారు వద్దు, అంచు కొత్తది వేయొచ్చు. తర్వాత కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమానంగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టండి, గరగరమని రాసుకుంటోందంటే కాయిల్ పక్కకు పోయింది, అది పెద్ద పని. చెద కోసం డబ్బా వెనక వైపు, అడుగు వైపు గోటితో కొట్టి చూడండి, బోలు శబ్దం వస్తే అక్కడ చెక్క లేదు, మట్టే.

అపోహ: 'వాట్లు ఎక్కువుంటే ఎక్కువ సౌండ్'

వాస్తవం: వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెం పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. 1978 పయనీర్ ఎస్ఎక్స్-1980 ఛానల్‌కి 270 వాట్లు, అది నిజం వాట్లు. ప్లాస్టిక్ డబ్బా మీద 2000 వాట్ల పీఎంపీఓ అని రాసుండేది అమ్మకానికి వేసిన అంకె, నిజం వాట్లు కాదు. ఇంకో మాట, సన్సూయ్, అకాయ్ పేర్లతో తర్వాతెప్పుడో మన దేశంలో టీవీలు అమ్మినారు, పేరొకటే గానీ ఆ పాత ఆంప్లిఫయర్లకూ వీటికీ సంబంధం లేదు, పేరు చూసి డబ్బులు తీయొద్దు.

అపోహ: 'పరుపులో చుట్టి లారీలో వేస్తే వచ్చేస్తుంది'

వాస్తవం: ఇక్కడ కొంచెం నిమ్మళంగా చదవండి, డబ్బులు పోయేది ఇక్కడే.

ఆంప్లిఫయర్ బరువంతా ఒక పక్కనుండే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటుంది. ఇందాక చెప్పిన పయనీర్ 35 కేజీలు. అట్లాంటి పెట్టె అడుగు ఎత్తు నుంచి పడినా బయట గీత ఉండదు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ తన బరువుకి తానే బోల్టులు లాగేసి, కింద రేకు వంచి, పక్కన బోర్డు పగలగొట్టి ఉంటుంది. మెత్తటి పరుపు దీన్ని ఆపదు, పూర్తిగా అణిగిపోయి నేలకు తగులుతుంది. కావాల్సింది గట్టి ఫోమ్, రెండు అంగుళాల మందం, ఆరు పక్కలా, దాని చుట్టూ గట్టి అట్టపెట్టె, ఆ పెట్టె చుట్టూ మళ్లీ ఫోమ్, మళ్లీ ఇంకో పెట్టె. ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

మాకు చేతికి దొరికేది శెనక్కాయ పొట్టు కదా. ఒకసారి కదిరి నుంచి ఒకాయన ట్యూనర్‌ని పొట్టు నింపిన డబ్బాలో పంపినాడు, గాజు సామాన్లు అట్లనే పోతాయి కదా అని. దారిలో కుదుపులకి పొట్టంతా అడుక్కి దిగింది, సెట్ పైన తేలి డబ్బాకి కొట్టుకుంటా వచ్చింది. పైన గాలి రంధ్రాల్లోంచి దుమ్ము లోపలికి పోయి ట్యూనింగ్ కండెన్సర్ రేకుల మధ్య చేరింది. బ్రష్షూ గాలీ పెట్టి మూడు రోజులు దులిపినా. సెట్ కంటే పొట్టే ఎక్కువ బయటికి వచ్చింది.

టర్న్‌టేబుల్‌ని మాత్రం విప్పకుండా పంపొద్దు. ఒక గారార్డ్ 401ని పళ్లెం పైనే పెట్టి పార్సిల్ వేసినారు, ఆ బరువైన పళ్లెం దారి పొడుగునా ఎగిరెగిరి స్పిండిల్ మీద పడి బేరింగ్ పాడైంది. విప్పే వరుస ఇది: సూదికి గార్డు పెట్టి కార్ట్రిడ్జ్ తీసేయాల, ఆర్మ్ వెనక గుండు తీయాల, ఆర్మ్‌ని దాని స్టాండుకి మెత్తటి దారంతో కట్టాల, తర్వాత పళ్లెం తీసి విడిగా ఇంకో పెట్టెలో. స్ప్రింగుల మీద తేలే మోడళ్లకు ట్రాన్సిట్ స్క్రూలు ఉంటాయి, వాటిని బిగించాల, ఇంటికి వచ్చాక మళ్లీ వదులు చేయడం మర్చిపోవద్దు (సగం మంది మర్చిపోతారు, 'స్ప్రింగులు పోయినాయన్నా' అని ఫోన్ చేస్తారు). వాల్వు సెట్ (గాజు గొట్టాలతో నడిచే పాత రకం) అయితే వాల్వులన్నీ పీకి, ఏది ఏ గుంటలోదో కాగితం మీద రాసి, ఒక్కోదాన్ని విడిగా చుట్టి చేతి సంచిలో తెచ్చుకోండి.

బబుల్ కవర్ నేరుగా చెక్క పాలిష్‌కి తగలకూడదు. మే నెలలో కారులో నాలుగు గంటలుంటే ఆ బుడగల గుండ్రాలు పాలిష్ మీద అచ్చు పడతాయి, మళ్లీ పాలిష్ వేస్తే గానీ పోవు. ముందు పాత నూలు పంచె చుట్టండి, దాని మీద బబుల్.

వీలైతే మీరే పోయి కారులో తెచ్చుకోండి. బెంగుళూరు నుంచి అనంతపురానికి నాలుగు గంటల దారి, హైవే మీద ఏమీ కాదు, మీ వీధి స్పీడ్ బ్రేకర్ దగ్గరే జాగ్రత్త. స్పీకర్లు నిలబెట్టి గానీ వెల్లకిలా గానీ, బోర్లా మాత్రం వద్దు. రికార్డులుంటే ఏసీ ఉన్న వైపు నిలువుగా పెట్టండి, డిక్కీలో కాదు. 60 డిగ్రీల దగ్గర వినైల్ మెత్తబడుతుంది, ఎండలో పెనుకొండ దగ్గర భోజనానికి ఆగితే మూసిన కారు ఆ వేడికి చేరిపోతుంది, మీరు చేయి కడుక్కుని వచ్చేలోపల రికార్డు గిన్నె అవుతుంది.

అపోహ: 'పార్సిల్‌కి ఇన్సూరెన్స్ ఉంది కదా'

వాస్తవం: ప్యాకింగ్ సరిగా లేదని వాళ్లు రాసిస్తే అయిపోయింది, ఆ డబ్బు రాదు. ప్యాక్ చేసేటప్పుడు ప్రతి దశా ఫోటో తీసుకోండి, బిల్లు మీద అసలు విలువే రాయించండి.

అపోహ: 'టర్న్‌టేబుల్ కింద కడప బండ పెడితే సౌండ్ మారిపోతుంది'

వాస్తవం: సగం నిజం. గారార్డ్ లాంటి బరువు మెషీన్లకు మోటారు వణుకు ఎక్కువ, కింద బరువు ఉంటే ఆ గురగుర తగ్గుతుంది, బయటి దేశాల్లో పలకరాయి దిమ్మెలు చేయించుకునేది దీనికే. మన దగ్గర రాయికి కొదవా. 50 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు, 3 మందం నల్ల బండ దాదాపు 16 కేజీలు వస్తుంది. కాకపోతే ఒంటి బండ గంటలా మోగుతుంది, వేలితో కొట్టి చూడండి. అందుకే నేను రెండు పల్చటి బండల మధ్య రబ్బరు షీటు పెట్టి అతికిస్తా, మోత చచ్చిపోతుంది. స్ప్రింగుల మోడల్‌కి ఇదేమీ అక్కర్లేదు.

మొన్న తాడిపత్రిలో అట్ల రెండు కోయిస్తా ఉంటే, ఆర్మ్ బోర్డుకి గుండ్రంగా ఒక రంధ్రం పెట్టమన్నా. కోసేటాయన మిషను ఆపి, కొలత కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, 'సింకుకి ఇంత చిన్న బొక్క సాలదు సామీ, నీళ్లు యాడికి పోతాయి' అన్నాడు.