చిన్న కెమెరాతో రాత్రి ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో స్టూడియో నడుపుతుంటే ఎక్కువగా వినిపించే మాట ఇది: "అన్నా, పగలు బాగానే వస్తాయి, రాత్రయితే ఈ కెమెరా వేస్ట్." బీరువాల్లో మూలకు పడిన పాత డిజిటల్ కెమెరాలను పిల్లలు మళ్లీ బయటికి తీస్తున్నారు కాబట్టి ఈ మధ్య ఇంకా ఎక్కువైంది. కెమెరాను తిట్టే ముందు ఇవి చూడండి.

అపోహ: రాత్రి కదా, ఫ్లాష్ వేయాల్సిందే.

వాస్తవం: ఈ కెమెరాల ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటితే పనిచేయదు. గోవిందరాజస్వామి గుడి ముందు నిలబడి ఫ్లాష్ కొట్టి చూడండి. ముందు నడుస్తున్నవాళ్ల వీపులు తెల్లగా వెలిగిపోతాయి, వెనక గోపురం చీకట్లోనే ఉండిపోతుంది. ఫ్లాష్ వెలుగు చాలనుకుని కెమెరా షట్టర్‌ని, అంటే వెలుగును లోపలికి రానిచ్చే తలుపుని, వెంటనే మూసేస్తుంది మరి. గోపురమే కావాలంటే ఫ్లాష్ ఆపేయండి. మనుషులూ గోపురమూ రెండూ కావాలంటే మనిషి బొమ్మ, పక్కన నక్షత్రం గుర్తు ఉన్న మోడ్ పెట్టండి. అందులో ఫ్లాష్ వెలిగాక కూడా షట్టర్ కాసేపు తెరుచుకునే ఉంటుంది. మనవాళ్లు మాత్రం ఫ్లాష్ పడగానే "అయిపోయింది" అని కదిలిపోతారు. ఆ ఫొటోలో అత్తయ్య మొహంలోంచి వెనక లైట్లు కనబడతాయి. "నేను చెప్పేదాకా కదలొద్దు" అని ముందే చెప్పండి.

అపోహ: జాతర ఫొటోల్లో పడే తెల్లటి గుండ్రాలు అమ్మవారి మహిమ.

వాస్తవం: గంగ జాతర రాత్రుల్లో వీధంతా దుమ్ము, పొగ. చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్స్‌కి ఆనుకునే ఉంటుంది. లెన్స్ ముందు తేలే ధూళి మీద ఆ వెలుగు పడి తిరిగి లోపలికి వస్తుంది. ధూళి మరీ దగ్గర్లో ఉండడంతో ఫోకస్ కుదరక గుండ్రంగా, పెద్దగా పడుతుంది. ఫ్లాష్ ఆపి తీయండి, ఒక్కటీ ఉండదు. భక్తి భక్తే, దుమ్ము దుమ్మే.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎక్కువుంటే రాత్రి ఫొటో క్లియర్‌గా వస్తుంది.

వాస్తవం: ఆల్బమ్‌లో పెట్టే 6×4 ప్రింటుకు రెండు మెగాపిక్సెళ్లు చాలు. అసలు విషయం సెన్సర్ సైజు, అంటే లోపల వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్ సైజు. మామూలు కాంపాక్ట్ కెమెరాలో అది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పే, పెళ్లిళ్లకు మేం వాడే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 36. అంత చిన్నదానిలోకి వెలుగు తక్కువే వస్తుంది కాబట్టి దానికి టైమ్ ఎక్కువ ఇవ్వాలి.

ఆ టైమ్ ఇవ్వకుండా ఆటోలో వదిలేస్తే కెమెరా ఐఎస్ఓను (దొరికిన కాస్త వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800, 1600కి పెంచేసుకుంటుంది. ఫొటో ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఐఎస్ఓను 100 గానీ 200 గానీ చేయండి, లేదంటే చందమామ గుర్తున్న నైట్ మోడ్ పెట్టండి. కొన్ని మోడళ్లలో షట్టర్‌ను 15 సెకన్ల దాకా తెరిచి ఉంచే ఆప్షన్ కూడా ఉంటుంది, మెనూలో వెతకండి.

అపోహ: చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: అర సెకను కూడా ఎవరి చెయ్యీ నిలవదు. బిగించి పట్టుకుంటే ఇంకా వణుకుతుంది. ట్రైపాడ్ లేకపోతే పిట్టగోడ, బండి సీటు, చిన్న బియ్యం సంచి, ఏదైనా సరే. సంచి నాకు మరీ ఇష్టం, కెమెరాను ఎటు కావాలంటే అటు వంచి నిలబెట్టొచ్చు. తర్వాత రెండు సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కేటప్పుడు వచ్చే కుదుపు ఈలోగా ఆగిపోతుంది. కెమెరాకు ఆనుడు దొరికాక షేక్ తగ్గించే ఆప్షన్‌ని ఆఫ్ చేయొచ్చు.

అపోహ: దూరంగా ఉన్నదాన్ని జూమ్ చేసి తీయాలి.

వాస్తవం: అలిపిరి నుంచి కొండ మీది గాలిగోపురం నామం లైట్లను పూర్తి జూమ్‌లో తీయాలని చూస్తారు. జూమ్ పెంచేకొద్దీ లెన్స్ అపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 2.8 నుంచి 5.9 దాకా పడిపోవచ్చు (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు). అంటే వచ్చే వెలుగు పావు వంతుకన్నా తక్కువ. కుదుపు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది. డిజిటల్ జూమ్ ఫొటోలో ముక్కను కత్తిరించి పెద్దది చేయడమే, దాని జోలికైతే వెళ్లనే వద్దు.

అపోహ: బాగా చీకటి పడ్డాకే లైట్లు అందంగా పడతాయి.

వాస్తవం: నన్నడిగితే సూర్యాస్తమయం తర్వాతి 20, 30 నిమిషాలే మంచి సమయం. ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, శేషాచలం కొండ అంచు కనబడుతుంది, మెట్లదారి దీపాలు అప్పటికే వెలిగి ఉంటాయి. ఎనిమిది దాటితే కొండ కనబడదు, నల్లటి తెర మీద దీపాల వరుస ఒక్కటే మిగులుతుంది.

సీరియల్ బల్బులు చుట్టిన గోపురమైతే ఇంకోటి గుర్తుంచుకోవాలి. చుట్టూ ఉన్న చీకటిని చూసి కెమెరా అవసరానికి మించి వెలుగు పట్టేస్తుంది, గోపురం తెల్లగా మాడిపోయి బొమ్మలేవీ కనబడవు. ప్లస్, మైనస్ గుర్తున్న బటన్‌తో మైనస్ ఒకటికి తగ్గించండి. ఇంకా తెల్లగానే ఉంటే మైనస్ రెండు.