ఈ కేసు ఎవరు వినాలో చెప్పేదెవరు?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం చదివాను. పక్కింటివాళ్ల పొలం తగాదాలో తహసీల్దారు ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అని రాసిచ్చి పంపేశాడని, ఎవరు వినాలో వాళ్లకే తెలియకపోతే జనం ఎక్కడికి పోవాలని అడిగారు. రెవెన్యూలో పనిచేసినవాణ్ని కదా, అలాంటి ఎండార్స్‌మెంట్లు నేనూ చాలానే రాశాను. పాస్‌బుక్కులో పేరు మార్చడం తహసీల్దారు పని, ఆ భూమి అసలు ఎవరిదో తేల్చడం సివిల్ కోర్టు పని. అందుకే అలా రాస్తారు. (చేతులు దులుపుకోవడానికి రాసేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి.)

అక్కడ అధికారి ‘ఇది నాది కాదు’ అన్నాడు. ‘ఇది నాదే, మీరు తప్పుకోండి’ అని అధికారి అంటే, ‘కాదు, నేనే వింటాను’ అని జడ్జి అంటే? ఆ ముడి విప్పడానికే ప్రత్యేకంగా ఒక కోర్టు పెట్టుకున్న దేశం ఫ్రాన్స్. అక్కడ సంగతులు మీకు చెప్పాలని చాలాకాలంగా ఉంది.

రాజుల కాలంలో ఫ్రాన్స్‌లోని పెద్ద కోర్టులను పార్లమాన్లు అనేవారు. పేరు చూసి మన పార్లమెంటు లాంటివి అనుకునేరు, అవి అచ్చంగా కోర్టులే. రాజు శాసనం చేస్తే వాళ్లు దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. నచ్చకపోతే ఎక్కించకుండా కూర్చునేవారు. విసుగెత్తిన పదమూడో లూయీ 1641లో, రాజ్య వ్యవహారాల్లో వేలు పెట్టొద్దని వాళ్లకు శాసనమే చేశాడు. రాజు పెట్టిన నిషేధం విప్లవంలో కొట్టుకుపోవాలి కదా? పోలేదు. పదవులు డబ్బిచ్చి కొనుక్కుని, కొడుకులకు కట్టబెట్టే ఆ జడ్జీలంటే విప్లవకారులకూ పడలేదు. కోర్టులు తమ సంస్కరణలకు అడ్డం పడతాయని వాళ్ల భయం. 1790 ఆగస్టు చట్టంలో 13వ అధికరణం పెట్టి, జడ్జీలు పరిపాలన పనులకు ఏ విధంగానూ అడ్డు రాకూడదనీ, ఉద్యోగ విధుల విషయంలో అధికారులను కోర్టుకు పిలిపించకూడదనీ, పిలిపిస్తే పదవి పోతుందనీ తేల్చేశారు. 1795లో అదే మాట ఇంకోసారి గట్టిగా చెప్పారు. ఆ రెండు చట్టాలే ఇప్పటికీ అక్కడి పద్ధతికి పునాది.

మరి అధికారి చేతిలో నష్టపోయినవాడు ఎవరికి చెప్పుకోవాలి? ప్రభుత్వానికే. 1799లో నెపోలియన్ కొన్సెయ్ దెతా అనే మండలిని పెట్టాడు. ప్రభుత్వం మీద వచ్చిన తగవుల్లో అది సలహా ఇచ్చేది, కింద సంతకం మాత్రం పాలకుడిది. ఫలానా కేసు కోర్టుదా, ప్రభుత్వానిదా అన్న పేచీ కూడా అక్కడే తేలేది. అన్నదమ్ముల ఆస్తి తగవులో పెద్దన్నే పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టన్నమాట. మన కలెక్టరు లాంటి అధికారిని అక్కడ ప్రెఫె అంటారు. కోర్టులో నడుస్తున్న కేసు మీద ఆయన ‘ఇది మాది’ అని ఉత్తర్వు ఇస్తే చాలు, జడ్జి ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి. ఆ అధికారాన్ని మరీ ఇష్టారాజ్యంగా వాడుతున్నారని గోల పుట్టాక 1828లో కొంచెం కళ్లెం వేశారు. క్రిమినల్ కేసుల్లో ఈ ఉత్తర్వు చెల్లదన్నారు. మిగతా వాటిలోనూ, తప్పుకోమని ముందు జడ్జినే అడగాలి, ఆయన కాదంటేనే ఉత్తర్వు.

1848లో మరో విప్లవం వచ్చాక మొదటిసారి రెండు పక్షాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మామూలు కోర్టుల పైకోర్టు నుంచి కొందరు, కొన్సెయ్ దెతా నుంచి అంతేమంది. కొత్త రాజ్యాంగంలోనే రాసుకున్నారు. నాలుగేళ్లు తిరక్కుండా లూయీ నెపోలియన్ (పాత నెపోలియన్ తమ్ముడి కొడుకు) దాన్ని ఎత్తేశాడు. తిరిగి ప్రాణం పోసింది 1872 మే 24 నాటి చట్టం. పేరు త్రిబ్యునాల్ దె కోంఫ్లి. పరిధి తగవులు తేల్చడం తప్ప దానికి వేరే పని పెట్టలేదు. కాకపోతే ఇందులో ఒక కిటుకు మిగిలిపోయింది. అధ్యక్షుడి కుర్చీ న్యాయశాఖ మంత్రిది. సభ్యులు సగం సగం చీలితే ఆయన ఓటే చివరి మాట. మంత్రి ప్రభుత్వం మనిషి అని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ఆన్యెస్ సంగతి వినండి. బోర్డో ఊళ్లో ప్రభుత్వ పొగాకు ఫ్యాక్టరీ ఉండేది. 1871 నవంబరు 3న అక్కడి కూలీలు తోస్తున్న తోపుడు బండి ఆన్యెస్ బ్లాంకో అనే ఐదున్నరేళ్ల పాపను గుద్దింది. కాలు తీసేయాల్సి వచ్చింది. తండ్రి 1872 జనవరిలో బోర్డో సివిల్ కోర్టుకు వెళ్లాడు. నలుగురు కూలీలతో పాటు ప్రభుత్వాన్నీ ప్రతివాదిగా చేర్చి 40,000 ఫ్రాంకుల పరిహారం అడిగాడు. కోర్టు వింటానంది. ఆ జిల్లా ప్రెఫె వెంటనే అడ్డుపడ్డాడు. ఫ్యాక్టరీ ప్రభుత్వానిది, ప్రభుత్వాన్ని బాకీదారుగా నిలబెట్టే హక్కు సివిల్ కోర్టుకు లేదన్నాడు. కేసు కొత్త ట్రిబ్యునల్‌కు వచ్చింది. ఎనిమిది మంది సభ్యులు నలుగురు అటు, నలుగురు ఇటు చీలిపోయారు. మంత్రి ద్యుఫోర్ వచ్చి ఓటేశాడు. 1873 ఫిబ్రవరి 8న తీర్పు ప్రెఫె వైపే వచ్చింది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య తగవుకు వర్తించే సివిల్ కోడు ప్రభుత్వానికి వర్తించదు, దాని బాధ్యతకు వేరే సూత్రాలు, వేరే జడ్జీలు ఉండాలన్నది.

తర్వాత కొన్సెయ్ దెతా (1872 చట్టంతో దానికి సొంతంగా తీర్పు చెప్పే అధికారం వచ్చింది) ఆ పాపకు జీవితాంతం ఏడాదికి 500 ఫ్రాంకులు ఇమ్మంది. తండ్రి అడిగిన మొత్తం రావాలంటే ఆమె ఎనభై ఏళ్లు తీసుకోవాలి. లెక్క మీరే వేసుకోండి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభుత్వం వల్ల దెబ్బ తగిలితే ప్రభుత్వమే డబ్బు కట్టాలన్న దారి ఈ కేసు దగ్గరే గట్టిపడింది. అందుకే ఫ్రాన్స్‌లో లా చదివేవాళ్లెవరైనా ఈ పాప పేరు వినకుండా బయటికి రారు. 1957లో చట్టం మార్చి, ప్రభుత్వ వాహనం గుద్దినా సరే, మామూలు కోర్టుకే వెళ్లమన్నారు.

రెండు గడపలు ఉంటే వచ్చే అసలు చిక్కు, ఆ 1957 మార్పుకు ముందు, రోజే అనే ఆయనకు ఎదురైంది. ఆయన కూర్చున్న కారు, సైన్యం బండి ఢీకొన్నాయి. గాయపడిన ఆయన ముందు మామూలు కోర్టుకు వెళ్తే, తప్పు కారు డ్రైవరుది కాదు, సైన్యం బండిది అన్నారు. సరేనని పరిపాలన కోర్టుకు (ప్రభుత్వం మీద తగవులు వినే కోర్టుకు) వెళ్తే, తప్పు సైన్యానిది కాదు, కారు డ్రైవరుది అన్నారు. ఎవరి తీర్పు వాళ్లకు సబబే, ఆయనకు మాత్రం చిల్లిగవ్వ రాలేదు. చివరికి 1932 ఏప్రిల్‌లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. రెండు కోర్టుల తీర్పులు ఇలా పొసగక మనిషికి న్యాయమే దక్కకపోతే ట్రిబ్యునలే నేరుగా కేసు తేల్చవచ్చని. మరుసటి ఏడాది ఆయన కేసు అలాగే తేలింది. నాకు బ్లాంకో కన్నా ఇదే ముఖ్యమైనదనిపిస్తుంది. ఇక్కడ మొదటిసారి పట్టించుకున్నది ఎవరి పరిధి ఎంత అని కాదు, గాయపడ్డ మనిషిని.

మంత్రి కుర్చీ మాత్రం కదల్లేదు. ఆయన ఓటు అవసరం పడటం చాలా అరుదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1997లో పడింది. టికెట్ లేకుండా ఓడలో దాక్కుని వచ్చిన ఇద్దరు విదేశీయులను పోలీసు అధికారులు ఓడ దిగనివ్వలేదు. దిగనివ్వమని పారిస్ జడ్జి ఆదేశించాడు. ఆ జడ్జికి ఆ అధికారం ఉందా లేదా అన్న దగ్గర ట్రిబ్యునల్ సమంగా చీలింది. మంత్రి తూబోన్ ఓటుతో ప్రభుత్వం నెగ్గింది. ఆ కేసు పరిశీలించి నివేదిక ఇచ్చిన జడ్జి సార్గోస్ నిరసనగా ట్రిబ్యునల్ నుంచి తప్పుకున్నాడు. అయినా 2015 ఫిబ్రవరి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు అధ్యక్ష పదవి రెండు కోర్టుల మధ్య వంతులవారీగా తిరుగుతుంది. ఓట్లు సమంగా చీలితే ఇంకోసారి చర్చిస్తారు, అప్పటికీ తేలకపోతే రెండు వైపుల నుంచీ అదనపు సభ్యులను పిలుస్తారు.

మన దగ్గర ఇలాంటి వేరే కోర్టు లేదు. ఎవరి పరిధి ఎంతన్నది చివరికి హైకోర్టు, సుప్రీంకోర్టే చెబుతాయి. అలాగని మనకు ఆ పేచీ రాలేదనుకోకండి. మన రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల కేసులకు ఒక ట్రిబ్యునల్ పెట్టారు. ఉద్యోగి గెలిచాడనుకోండి, మూడు నెలల్లోగా ఆ తీర్పును మార్చే, రద్దుచేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉండేది. ఓడిపోయిన ప్రతివాదే తీర్పు కొట్టేయొచ్చన్నమాట! మా ఆఫీసుల్లో దాని గురించి చర్చించుకోనివాళ్లు లేరు. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు, ఆ అధికారం ఇచ్చిన ఐదో క్లాజు రాజ్యాంగ మౌలిక స్వరూపానికే విరుద్ధమని కొట్టేసింది. తర్వాత 1997లో చంద్రకుమార్ కేసులో, ఏ ట్రిబ్యునల్ తీర్పు మీదైనా హైకోర్టుకు వెళ్లొచ్చని చెప్పింది. ఆ ట్రిబ్యునల్ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు.

మీ స్కూలు లైబ్రరీలో రాజ్యాంగం పుస్తకం ఉంటే 371-డి తీసి చూడండి. కొట్టేసిన ఐదో క్లాజు అందులో ఇంకా అచ్చవుతూనే ఉంది. కింద చిన్న అక్షరాల్లో సుప్రీంకోర్టు ఏమందో నోటు ఉంటుంది. ముందు క్లాజు చదివి, తర్వాత నోటు చదవండి. అర్థంకానిది ఏదైనా ఉంటే రాయండి.

మీ తాతయ్య