నడవడిక కూడా పాఠమే

1970 అక్టోబరు. అమెరికాలోని మయామీలో డ్రూ జూనియర్ హైస్కూలు 8వ తరగతి విద్యార్థి జేమ్స్ ఇంగ్రాహమ్‌ను ప్రిన్సిపాల్ గదిలో బల్లమీద వంచి పట్టుకుని, చెక్కతో ఇరవైకి పైగా దెబ్బలు కొట్టారు. టీచరు చెప్పిన మాట వెంటనే వినకపోవడమే అతని తప్పు. ఆ చెక్క పొడవు రెండడుగులకు కాస్త తక్కువ, మందం అర అంగుళం. ఒళ్లు కమిలి, నెత్తురు గడ్డకట్టి, పిల్లవాడు చాలా రోజులు బడికి రాలేకపోయాడు. క్రూర శిక్షలను నిషేధించే రాజ్యాంగ సవరణ బడిపిల్లలకు వర్తించదని 1977లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. ఖైదీకి ఉన్న రక్షణ బడిపిల్లవాడికి లేదన్న ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనను నిషేధించింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అది నేటికీ చట్టబద్ధమే.

శిక్షకు బదులు మంచి నడవడికను పాఠంలా నేర్పి, పాటించినప్పుడు మెచ్చుకునే పద్ధతి ఒకటుంది, దాని పేరు సానుకూల ప్రవర్తనా మద్దతు. ఆ ఆలోచన మొదట పుట్టింది మాత్రం బడిలో కాదు. 1980లలో తీవ్ర వైకల్యం ఉన్నవారిని దారికి తేవడానికి విద్యుత్ షాకులు సైతం వాడేవారు. దానికి ఎదురు నిలిచిన పరిశోధకులు వేరే ప్రశ్న వేశారు: ఈ మనిషి ఇలా ప్రవర్తించి ఏం అడుగుతున్నాడు, దేన్నుంచి తప్పించుకోవాలనుకుంటున్నాడు? 1997లో అమెరికా వికలాంగ విద్యార్థుల చట్టంలోకి ఈ పద్ధతి పేరుతో సహా చేరింది. అదే కాలంలో మరోవైపు, చిన్న తప్పునూ సహించకూడదనే జీరో టాలరెన్స్ పేరిట బడుల్లో సస్పెన్షన్లు పెరుగుతున్నాయి.

బడి మొత్తానికి ఈ పద్ధతిని వర్తింపజేసిన తొలి ప్రయోగాల్లో ఒకటి ఆరెగాన్ రాష్ట్రంలోని ఫెర్న్ రిడ్జ్ మిడిల్ స్కూలుది. మిడిల్ స్కూలులోనే మొదలవడం నాకు సబబుగా తోస్తుంది. ఆ వయసులో ఒక్క టీచరు నీడ పోయి, గంటగంటకూ గది మారుతుంది, ఒక్కో గదిలో ఒక్కో నియమం ఉంటుంది. ఫెర్న్ రిడ్జ్ అందరికీ కలిపి అయిదే నియమాలు పెట్టింది. గౌరవంగా ఉండడం, బాధ్యతగా ఉండడం, చెప్పింది పాటించడం, ఎవరిమీదా చేయి చేసుకోకపోవడం, వేళకు సిద్ధంగా ఉండడం. వాటిని గోడకు అంటించి వదిలేయలేదు. ఏడాది మొదట్లోనే పిల్లలను భోజనశాలకు, నడవాలకు, బస్సు ఎక్కే చోటికి తీసుకెళ్లి, అక్కడ ఎలా మెలగాలో చేసి చూపించి, వారిచేత చేయించారు. బాగా నడుచుకున్నవారికి చీటీలు ఇచ్చారు. ఆ ఏడాది క్రమశిక్షణ కోసం ఆఫీసుకు పంపిన సందర్భాలు 42 శాతం తగ్గాయి.

మరి చదువు? మేరీలాండ్‌లో 37 ప్రాథమిక పాఠశాలల్లో ఈ పద్ధతిపై జరిగిన అధ్యయనంలో సస్పెన్షన్లు తగ్గాయి గానీ, మార్కులు పెరిగాయని గట్టిగా చెప్పేంత తేడా కనిపించలేదు. అందుకని పద్ధతిని తప్పుపట్టలేను. ఆఫీసు బయట బెంచీమీద పోయే గంట తరగతికి తిరిగొస్తుంది. ఆ గంటలో భిన్నాలు అర్థమయ్యేలా చెప్పడం వేరే శ్రమ, దానికి వేరే శిక్షణ కావాలి.